పాత పీఆర్‌లు, కొత్త సీఐ కాన్ఫిగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

సీఐ అనగానే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గుర్తొచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇది కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ గురించి. ఎవరైనా కోడ్ పంపగానే దానంతటదే బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, పచ్చ టిక్కో ఎర్ర ఇంటూ గుర్తో పెట్టే ఏర్పాటు అన్నమాట. ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని చూసుకునే ముగ్గురిలో నేనొకడిని. మేం సీఐ ఫైల్ (ఏం నడపాలో చెప్పే కాన్ఫిగ్) ముట్టుకున్న ప్రతిసారీ, అప్పటికే తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టుల ("నా మార్పులు ప్రాజెక్టులో కలపండి" అని పంపే అభ్యర్థనలు) కింద అవే సందేహాలు వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసీ రాసీ విసుగొచ్చి అన్నీ ఇక్కడ పెట్టాను. మేం వాడేది గిట్‌హబ్ వాళ్ల సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దానివే. ఇదే పని చేసే గిట్‌ల్యాబ్, జెన్‌కిన్స్ వేరుగా ప్రవర్తించేచోట ఆ మాట చెప్పాను. పుల్ రిక్వెస్ట్‌ని పీఆర్ అనే రాస్తున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ముందు అసలు సంగతి

నేను ఒక్క అక్షరం మార్చలేదు. మొన్న పచ్చగా ఉన్న పీఆర్ ఇవాళ నడిపితే ఎర్రగా ఎందుకొచ్చింది?

మీరు మారకపోయినా మీ చుట్టూ ఉన్నవి మారాయి. పచ్చ టిక్ అంటే "ఈ కోడ్ మంచిది" అని కాదు, "ఆ రోజు, ఆ కాన్ఫిగ్‌తో, ఆ మెషీన్ మీద పాసైంది" అని మాత్రమే. మెషీన్ సంగతే చూడండి. గిట్‌హబ్ తన ఉబుంటు 20.04 రన్నర్‌ని (సీఐ జాబ్‌లు నడిపే మెషీన్) 2025 ఏప్రిల్‌లో తీసేసింది. దాన్ని పేరుపెట్టి అడిగే జాబ్‌కి ఇక మెషీనే దొరకదు. ఆర్టిఫాక్టులు (బిల్డ్‌లో తయారైన ఫైళ్లు) అప్‌లోడ్ చేసే యాక్షన్ (రెడీమేడ్ స్టెప్) మూడో వెర్షన్‌ని 2025 జనవరి 30 నుంచి ఆపేశారు. "ఉబుంటు లేటెస్ట్" అని రాసుకున్నవాళ్లకి అదే చలికాలంలో చెప్పాపెట్టకుండా అన్నట్టు 22.04 పోయి 24.04 వచ్చింది. నిజానికి ముందే చెప్పారు, మనమే చదవలేదు. ఇక వెర్షన్ బిగించని డిపెండెన్సీలు (మన కోడ్ ఆధారపడే బయటి లైబ్రరీలు) ఉంటే అవి ఏ రాత్రైనా మారొచ్చు.

నా పీఆర్ మీద నడిచే సీఐ ఫైల్ నా బ్రాంచ్‌లోదా (నా మార్పులున్న విడి పాయ), మెయిన్‌లోదా (ప్రాజెక్ట్ అసలు పాయ)?

ఈ ఒక్కటి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. జవాబు ట్రిగ్గర్‌ని, అంటే సీఐని లేపే ఈవెంట్‌ని బట్టి ఉంటుంది.

వర్క్‌ఫ్లో (సీఐ ఫైల్‌లో రాసిన జాబ్‌ల వరస) "పుల్ రిక్వెస్ట్" ఈవెంట్‌తో నడుస్తుంటే, నడిచేది మీ బ్రాంచ్‌లోదీ కాదు, మెయిన్‌లోదీ కాదు. ఆ రెండింటినీ కలిపి గిట్‌హబ్ తెర వెనక ఒక పరీక్ష మెర్జ్ కమిట్ (రెండూ కలిస్తే ఎలా ఉంటుందో భద్రపరిచిన కోడ్) తయారు చేస్తుంది. ఫైల్ అందులోంచి వస్తుంది. మీరు సీఐ ఫైల్ జోలికి వెళ్లకపోతే ఆ మెర్జ్‌లో ఉండేది మెయిన్‌లోని కొత్త ఫైలే. అంటే రీబేస్ (మీ కమిట్లను కొత్త మెయిన్ మీద మళ్లీ పేర్చడం) చేయకపోయినా, ఒక కొత్త కమిట్ పుష్ చేస్తే (సర్వర్‌కి పంపితే) చాలు, కొత్త కాన్ఫిగ్ నడుస్తుంది. చాలామంది ఇది నమ్మరు, నేనూ మొదట నమ్మలేదు. మీరూ ఆ ఫైల్ మార్చి ఉంటే రెండు మార్పులూ కలుస్తాయి, లేదా ఢీకొంటాయి.

"పుష్" ఈవెంట్ అయితే కథ వేరు. అక్కడ మీ బ్రాంచ్‌లో ఉన్న ఫైలే నడుస్తుంది, అది ఎంత పాతదైనా సరే. "పుల్ రిక్వెస్ట్ టార్గెట్" ఈవెంట్‌లో మీ ఫైల్‌ని అసలు పట్టించుకోరు, ప్రాజెక్ట్ వైపు ఉన్నదే వాడతారు.

గిట్‌ల్యాబ్‌లో మామూలు మెర్జ్ రిక్వెస్ట్ పైప్‌లైన్ మీ సోర్స్ బ్రాంచ్‌లోని ఫైల్‌నే చదువుతుంది. కలిపి చూసే "మెర్జ్‌డ్ రిజల్ట్స్" పైప్‌లైన్ డబ్బు కట్టే ప్లాన్లలో ఉంది. జెన్‌కిన్స్ మల్టీబ్రాంచ్‌లో పీఆర్‌ని ఉన్నదున్నట్టు బిల్డ్ చేయాలా, టార్గెట్‌తో (పీఆర్ కలవాల్సిన బ్రాంచ్) కలిపి చేయాలా అన్నది సెట్టింగ్‌లో మీరే ఎంచుకుంటారు. నమ్మకం లేని ఫోర్క్ (ప్రాజెక్టుకి వేరొకరు తీసుకున్న నకలు) నుంచి వస్తే జెన్‌కిన్స్‌ఫైల్‌ని (దాని సీఐ ఫైల్) టార్గెట్ బ్రాంచ్ నుంచే తీసుకుంటుంది.

మెయిన్‌లో కొత్త కాన్ఫిగ్ పడగానే పాత పీఆర్‌లన్నీ వాటంతటవే మళ్లీ నడుస్తాయా?

నడవవు. పీఆర్ తెరిచినప్పుడు, మూసి మళ్లీ తెరిచినప్పుడు, దానికి కొత్త కమిట్ వచ్చినప్పుడు: మామూలుగా ఈ మూడు సందర్భాల్లోనే సీఐ లేస్తుంది. మెయిన్ ముందుకు కదలడం పీఆర్ దృష్టిలో ఒక సంఘటనే కాదు. అందుకే ఎనిమిది నెలల కిందటి పచ్చ టిక్ ఇవాళ్టికీ అంతే పచ్చగా మెరుస్తూ ఉంటుంది.

రీ-రన్ నొక్కినా పాత ఫైలే నడిచింది. ఇది బగ్గా?

కాదు, అది అలాగే పనిచేయాలి. రీ-రన్ అంటే అదే కమిట్‌ని మళ్లీ నడపడం. మొదటిసారి ఏ మెర్జ్ కమిట్ మీద నడిచిందో రెండోసారీ దాని మీదే నడుస్తుంది, మెయిన్‌లో ఈలోగా ఏం జరిగినా దానికి తెలియదు. నెట్‌వర్క్ సతాయించి ఫెయిలైన టెస్టుకి రీ-రన్ సరైన మందు. కాన్ఫిగ్ మార్పుకి పనికిరాదు. పైగా మొదటి రన్ అయి 30 రోజులు దాటితే ఆ బటన్ కూడా పనిచేయదు. గిట్‌ల్యాబ్‌లో జాబ్‌ని రీట్రై చేసినా అంతే, బయటి నుంచి ఇన్‌క్లూడ్ చేసిన ఫైళ్లను మళ్లీ తెచ్చుకోదు. కొత్త పైప్‌లైన్ మొదలుపెట్టాలి.

ఒక పీఆర్ కింద చెక్స్ ఏవీ లేవు. ఎర్ర కాదు, పచ్చ కాదు, ఖాళీ. ఏమైంది?

ముందు మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే లైన్‌ని రెండువైపులా వేర్వేరుగా మార్చడం) ఉందేమో చూడండి. కాన్‌ఫ్లిక్ట్ ఉంటే పరీక్ష మెర్జ్ కమిట్ తయారవదు, కమిట్ లేకపోతే నడపడానికి ఏమీ లేదు. పాత పీఆర్‌ల విషయంలో పదిలో తొమ్మిదిసార్లు నేను చూసిన కారణం ఇదే.

అది కాకపోతే, ఆ వ్యక్తి మొదటిసారి పంపుతున్నారేమో చూడండి. క్రిప్టో మైనింగ్ కోసం ఉచిత సీఐని వాడేసుకునేవాళ్లు ఎక్కువయ్యాక, 2021 ఏప్రిల్ నుంచి కొత్తవాళ్ల రన్‌లకు మెయింటైనర్ (ప్రాజెక్ట్ చూసుకునేవాళ్లు) అనుమతి కావాలి. ఆ బటన్ పీఆర్ అడుగున ఉంటుంది, కంటికి ఆనదు. కమిట్ సందేశంలో "స్కిప్ సీఐ" అని బ్రాకెట్లలో రాసి ఉన్నా రన్ ఉండదు. పీఆర్ మరీ పాతదైతే దాని చెక్స్ ట్రావిస్ అనే పాత సీఐ సర్వీస్ కాలం నాటివి కావచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడుకున్న ట్రావిస్ పాత సైట్ 2021 జూన్‌లో మూతపడింది.

## కాన్ఫిగ్ మార్చబోయే ముందు

తెరిచి ఉన్న పీఆర్‌లు నలభై ఉన్నాయి. అవన్నీ తేలాకే సీఐ మార్చాలా?

అలా అయితే ఎప్పటికీ మార్చరు. మేం ఒకసారి ఒకే ఒక్క పీఆర్ కోసం రెండు నెలలు ఆగాం. పంపినతను ఫైనలియర్ కుర్రాడు, ప్లేస్‌మెంట్ల హడావిడిలో పడి దాన్ని మర్చేపోయాడు. తప్పు అతనిది కాదు, ఆగిన మాదే.

నేనైతే జాబితా తెరిచి రెండే ప్రశ్నలు వేసుకుంటాను. ఈ వారంలో మెర్జ్ అయ్యేవి ఏవి? వాటిని ముందు తేల్చేస్తాం. సీఐ ఫైల్‌నే మార్చేవి ఏవి? వాళ్లకి విషయం ముందే చెబుతాం. మిగిలినవి ఎలా ఉన్నవి అలా ఉంటాయి.

జాబ్ పేరు మారిస్తే ఏమవుతుంది? పేరే కదా?

ఇక్కడే కాలు జారుతుంది. బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో "ఈ చెక్ పాసైతేనే మెర్జ్" అని పెట్టుకున్న రూల్ చెక్‌ని గుర్తుపట్టేది పేరుతోనే. మీరు "టెస్ట్" అనే జాబ్‌ని "యూనిట్ టెస్ట్" చేశారనుకోండి. రూల్ ఇంకా "టెస్ట్" కోసమే ఎదురుచూస్తుంది. ఆ పేరుతో ఎవరూ రిపోర్ట్ చేయరు. పీఆర్ కింద "స్టేటస్ కోసం వేచి ఉంది" అని పసుపు చుక్క కూర్చుంటుంది, ఎన్నాళ్లైనా. అలాగని రూల్‌ని కొత్త పేరుకి మారిస్తే, పాత పేరుతో పచ్చగా ఉన్న పీఆర్‌లన్నీ ఇరుక్కుంటాయి.

మ్యాట్రిక్స్ (ఒకే జాబ్‌ని చాలా వెర్షన్ల మీద నడపడం) వాడితే ఇంకా తమాషా. పైథాన్ వెర్షన్ జాబ్ పేరులో భాగమైపోతుంది. 3.8 తీసేసి 3.13 పెడితే అది పేరు మార్పే, మీరు అలా అనుకోకపోయినా. మేం ఒక శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఇదే చేసి ఇంటికెళ్లిపోయాం. సోమవారం వచ్చేసరికి ఒక్క పీఆర్ కూడా కదల్లేదు.

మందు ఏమిటంటే, చివర్లో ఒక చిన్న జాబ్ పెట్టండి. దాని పని మిగతా జాబ్‌లన్నీ పాసయ్యాయా లేదా చూడటమే. రూల్‌లో ఆ ఒక్క పేరే పెట్టి, ఇక జన్మలో మార్చకండి. లోపల జాబ్‌లు ఎన్ని మారినా బయటికి కనిపించే పేరు ఒకటే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఆ జాబ్‌కి "ఎప్పుడూ నడువు" అనే షరతు పెట్టి, ముందు జాబ్‌ల ఫలితాలను అది స్వయంగా తనిఖీ చేసేలా రాయండి. లేకపోతే ముందు జాబ్ ఫెయిలైనప్పుడు ఇది స్కిప్ అవుతుంది, స్కిప్ అయిన జాబ్‌ని గిట్‌హబ్ పాస్ కింద లెక్కేస్తుంది. కాపలాకి పెట్టినవాడే గేటు తెరిచినట్టు.

కాన్ఫిగ్‌ని ప్రతి బ్రాంచ్‌లో కాకుండా ఒకేచోట పెట్టుకోలేమా?

పెట్టుకోవచ్చు. గిట్‌హబ్‌లో రీయూజబుల్ వర్క్‌ఫ్లోలు 2021 నుంచి ఉన్నాయి, గిట్‌ల్యాబ్‌లో ఇన్‌క్లూడ్ ఉంది. బ్రాంచ్‌లో ఉండే ఫైల్ నాలుగు లైన్లే, అసలు పని వేరే రిపోలో (కోడ్ ఉండే చోటు). అక్కడ ఒక్కచోట మారిస్తే పాత బ్రాంచ్‌ల పుష్ రన్‌లకి కూడా కొత్త కాన్ఫిగ్ అందుతుంది.

అయితే దాన్ని ఎలా పిలుస్తున్నారన్నది ముఖ్యం. మెయిన్ అని పిలిస్తే ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది. కమిట్ హ్యాష్‌తో (ఆ ఒక్క కమిట్‌కే ఉండే గుర్తింపు కోడ్) పిలిస్తే బిగించినట్టే, పాత బ్రాంచ్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. మా పద్ధతి: మన సొంత రిపోలోదైతే బ్రాంచ్ పేరు, బయటివాళ్లదైతే హ్యాష్. 2025 మార్చిలో మారిన ఫైళ్ల జాబితా ఇచ్చే ఒక ప్రసిద్ధ యాక్షన్ హ్యాక్ అయినప్పుడు దాని వెర్షన్ ట్యాగులన్నింటినీ చెడ్డ కమిట్ వైపు తిప్పేశారు. దాన్ని వాడే రిపోలు 23,000కు పైనే. ట్యాగ్‌ని నమ్ముకున్నవాళ్ల లాగ్‌లలో రహస్య కీలు అచ్చయ్యే ప్రమాదం వచ్చింది. ముందే హ్యాష్‌తో బిగించుకున్నవాళ్లు హాయిగా నిద్రపోయారు.

పాత కాన్ఫిగ్, కొత్త కాన్ఫిగ్ కొన్నాళ్లు పక్కపక్కనే నడపొచ్చా?

నడపండి, రెండు వారాలు చాలు. కొత్తదాన్ని తప్పనిసరి చెక్‌ల జాబితాలో చేర్చకుండా ఉంచితే ఎవరికీ అడ్డు పడదు. స్టెప్‌కి "ఎర్రర్ వచ్చినా కొనసాగించు" అని పెట్టే అడ్డదారి మాత్రం వద్దు. అలా పెడితే స్టెప్ ఫెయిలైనా జాబ్ పచ్చగానే కనిపిస్తుంది, కొత్త కాన్ఫిగ్ బాగానే ఉందని మోసపోతారు.

## మార్చిన రోజు

పాత పీఆర్‌లు కొత్త కాన్ఫిగ్‌తో ఒకసారి నడవాలంటే సులువైన దారి ఏది?

పీఆర్‌ని మూసి, వెంటనే మళ్లీ తెరవండి. మళ్లీ తెరవడం ఒక ఈవెంట్ కాబట్టి ఇవాళ్టి మెయిన్‌తో కలిపి కొత్తగా నడుస్తుంది, బ్రాంచ్‌లో ఒక్క కమిట్ కూడా చేరదు. చూడటానికి నాటు వైద్యంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. మూసి ఉన్న ఆ కాస్త సమయంలో ఎవరూ ఫోర్స్ పుష్ (బ్రాంచ్‌లోని పాత కమిట్లను తుడిచి కొత్తవి పెట్టడం) చేయకుండా చూసుకోండి. చేస్తే పీఆర్ మళ్లీ తెరుచుకోదు. కంట్రిబ్యూటర్‌కి "మూసేశారు" అని మెయిల్ వెళ్తుంది కాబట్టి, ఎందుకు మూస్తున్నారో ఒక ముక్క ముందే రాయండి. లేకపోతే మనసు నొచ్చుకుంటారు.

రెండో దారి "అప్‌డేట్ బ్రాంచ్" బటన్. అది మెయిన్‌ని వాళ్ల బ్రాంచ్‌లోకి మెర్జ్ చేస్తుంది, కావాలంటే రీబేస్ కూడా చేస్తుంది. మూడోది ఖాళీ కమిట్. పనిచేస్తుంది, కానీ చరిత్రలో చెత్త మిగులుతుంది.

నలభై పీఆర్‌లనూ ఒకేసారి లేపకండి. ఉచిత ప్లాన్‌లో ఒకేసారి నడిచే జాబ్‌లు 20. మ్యాట్రిక్స్‌లో పన్నెండు జాబ్‌లుంటే రెండు పీఆర్‌లకే క్యూ నిండిపోతుంది. ఆ రోజు అర్జెంటుగా బగ్ సరిచేయాల్సినవాడు రాత్రి దాకా కూర్చోవాలి. ప్రైవేట్ రిపో అయితే నిమిషాల లెక్క కూడా ఉంది, ఉచిత ప్లాన్‌లో నెలకు 2,000.

బాట్ పెట్టి బ్రాంచ్‌లన్నీ అప్‌డేట్ చేయించాం. అప్‌డేట్ అయ్యాయి గానీ సీఐ నడవలేదు. ఎందుకు?

ఆ బాట్ వర్క్‌ఫ్లోలో డిఫాల్ట్‌గా దొరికే గిట్‌హబ్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి కీ) వాడుతోంది. ఆ టోకెన్‌తో చేసిన పుష్ వల్ల కొత్త రన్‌లు మొదలవవు. ఒక వర్క్‌ఫ్లో ఇంకోదాన్ని, అది మళ్లీ మొదటిదాన్ని లేపుతూ ఆగకుండా తిరగకూడదని పెట్టిన కట్టడి అది. గిట్‌హబ్ యాప్ టోకెన్ గానీ, బాట్ ఖాతా సొంత టోకెన్ గానీ వాడితే సరిపోతుంది.

డిపెండబాట్ (డిపెండెన్సీల కొత్త వెర్షన్లకు తానే పీఆర్‌లు తెరిచే గిట్‌హబ్ బాట్) తెరిచిన పాత పీఆర్‌ల సంగతి?

వాటి మీద జాలి అక్కర్లేదు. డిపెండబాట్‌ని పేరుతో పిలిచి "రీబేస్" అని కామెంట్ పెడితే అదే చేసుకుంటుంది. ఆ బ్రాంచ్‌లో మనుషులెవరైనా కమిట్ చేసి ఉంటే ఒప్పుకోదు, అప్పుడు "రీక్రియేట్" అనండి. ఆ కమిట్లు పోతాయని మాత్రం గుర్తుంచుకోండి. పీఆర్ తెరిచి 30 రోజులు దాటితే అది తనంతట తాను రీబేస్ చేయడం మానేస్తుంది. డిపెండబాట్ రన్‌లకు మామూలు సీక్రెట్లు (రిపోలో దాచుకున్న రహస్య కీలు) అందవు, వాటికి విడిగా పెట్టాలి. కొత్త కాన్ఫిగ్‌లో సీక్రెట్ వాడే స్టెప్ చేర్చాక ఇవన్నీ ఒకేసారి ఎర్రబడితే కారణం అదే.

కంట్రిబ్యూటర్లకి ఏమని రాయాలి? "ప్లీజ్ రీబేస్" అని పెడితే సరిపోదా?

సరిపోతుంది, కానీ మర్యాదగా ఉండదు. మీరు కాన్ఫిగ్ మార్చి, పని వాళ్ల నెత్తిన పెడుతున్నారు. ఆ మాట ఒప్పుకోవాలి. మేం రాసేది ఇలా ఉంటుంది:

"నమస్తే. మేం నిన్న సీఐ కాన్ఫిగ్ మార్చాం. మీ పీఆర్‌లో కనిపిస్తున్న ఫెయిల్యూర్ దానివల్లే, మీ కోడ్‌లో తప్పేమీ లేదు. వీలున్నప్పుడు మెయిన్ మీద రీబేస్ చేయండి. వీలు కాకపోతే ఇక్కడే ఒక మాట చెప్పండి, మేమే చేసేస్తాం."

చివరి వాక్యం మర్చిపోకండి. సగం మంది ఆ వాక్యానికే బదులిస్తారు.

## మీరు కంట్రిబ్యూటర్ అయితే

రీబేస్ చేయమన్నారు. సరిగ్గా ఏం చేయాలి?

మీ ఫోర్క్ కాకుండా అసలు రిపోని "అప్‌స్ట్రీమ్" పేరుతో రిమోట్‌గా చేర్చుకోండి. తర్వాత గిట్ ఫెచ్ అప్‌స్ట్రీమ్. మీ బ్రాంచ్‌లో ఉండగా గిట్ రీబేస్ అప్‌స్ట్రీమ్ స్లాష్ మెయిన్. పూర్తయ్యాక ఫోర్స్ పుష్ చేయాలి, ఉత్త "ఫోర్స్" కాకుండా "ఫోర్స్ విత్ లీజ్" వాడండి. ఈలోగా మెయింటైనర్ మీ బ్రాంచ్‌లో ఏదైనా కమిట్ పెట్టి ఉంటే అది తుడిచిపెట్టకుండా ఆగుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, తమ ఫోర్క్‌లోని మెయిన్ మీద రీబేస్ చేయడం. ఆ మెయిన్ మీరు ఫోర్క్ చేసిన నాటిది. "అప్ టు డేట్" అని వస్తుంది, ఏమీ మారదు, మెయింటైనర్ మళ్లీ "రీబేస్ చేయండి" అంటాడు, మీకు కోపం వస్తుంది.

రీబేసా, మెర్జా? సీఐకి ఏది మంచిది?

సీఐకి రెండూ ఒకటే. ప్రాజెక్ట్ వాళ్లు చివర్లో అన్నీ ఒకే కమిట్‌గా స్క్వాష్ చేసేస్తే చరిత్రకీ తేడా ఉండదు. రివ్యూ సగంలో ఉంటే నేను మెర్జ్ అంటాను. ఫోర్స్ పుష్ చేస్తే రివ్యూ చేసేవాళ్లకి తాము ఎక్కడిదాకా చూశారో పట్టుకోవడం కష్టం.

కాన్‌ఫ్లిక్ట్ సీఐ ఫైల్‌లోనే వచ్చింది. ఎవరి వెర్షన్ ఉంచాలి?

మెయిన్‌లోది. దాన్ని పూర్తిగా తీసుకుని, మీకు నిజంగా అవసరమైన మార్పు ఏదైనా ఉంటే చేత్తో మళ్లీ చేర్చండి. లైన్ లైన్‌గా కలపబోయి చాలామంది దెబ్బతింటారు. యామల్‌లో (సీఐ ఫైల్ రాసే ఫార్మాట్) రెండు ఖాళీలు అటూ ఇటూ అయితే స్టెప్ ఇంకో జాబ్ కిందికి వెళ్లిపోతుంది.

రీబేస్‌లో "అవర్స్" (మనది), "థెయిర్స్" (వాళ్లది) తిరగబడతాయి. మెర్జ్‌లో అవర్స్ అంటే మీ బ్రాంచ్. రీబేస్‌లో అవర్స్ అంటే మెయిన్, ఎందుకంటే అక్కడ మెయిన్ మీద నిలబడి మీ కమిట్లను ఒక్కొక్కటిగా అతికిస్తున్నారు. కాబట్టి రీబేస్ మధ్యలో మెయిన్ ఫైల్ కావాలంటే గిట్ చెక్అవుట్ కమాండ్‌కి అవర్స్ అనే చెప్పాలి.

చేత్తో చేర్చేటప్పుడు పైథాన్ 3.10ని కొటేషన్లలో పెట్టండి. లేకపోతే యామల్ దాన్ని సంఖ్య అనుకుని 3.1 చేస్తుంది, ఆ వెర్షన్ దొరకలేదని సీఐ ఏడుస్తుంది.

పుష్ చేస్తే "వర్క్‌ఫ్లో స్కోప్ లేదు" అని తిప్పికొట్టింది. నేను ఆ ఫైల్ ముట్టుకోనేలేదు!

మీరు ముట్టుకోకపోయినా, రీబేస్ వల్ల మెయిన్‌లో మారిన వర్క్‌ఫ్లో ఫైళ్లు మీ ఫోర్క్‌లోకి వస్తున్నాయి. పర్సనల్ యాక్సెస్ టోకెన్‌తో వాటిని పుష్ చేయాలంటే ఆ టోకెన్‌కి "వర్క్‌ఫ్లో" అనుమతి విడిగా ఉండాలి. టోకెన్ సెట్టింగ్‌లో టిక్ పెట్టండి, లేదా ఎస్ఎస్‌హెచ్‌తో పుష్ చేయండి.

ప్రాజెక్ట్ మొత్తం కొత్త ఫార్మాటర్ (కోడ్ రూపురేఖలు సర్దే టూల్) నడిపేశారు. నా పీఆర్‌లో ప్రతి ఫైల్‌లోనూ కాన్‌ఫ్లిక్టే. వదిలేయనా?

వదిలేయొద్దు, దీనికి ఒక దారి ఉంది. ఫార్మాట్ మార్చిన కమిట్ ఏదో వెతకండి. దానికి సరిగ్గా ముందున్న కమిట్ దాకా మాత్రమే మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయండి. ఇక్కడ వచ్చేవి అసలైన కాన్‌ఫ్లిక్టులు, కొన్నే ఉంటాయి. తర్వాత ప్రాజెక్ట్ వాడిన అదే ఫార్మాటర్‌ని, అదే వెర్షన్, అదే సెట్టింగ్‌లతో మీ బ్రాంచ్ మీద నడిపి కమిట్ చేయండి. ఇప్పుడు ఆ ఫార్మాట్ కమిట్‌ని "అవర్స్" స్ట్రాటజీతో మెర్జ్ చేయండి. అంటే "ఆ మార్పు నా దగ్గర ఇప్పటికే ఉంది, కలిసినట్టు రాసుకో" అని గిట్‌కి చెప్పడం. చివరగా మిగతా మెయిన్‌ని మామూలుగా మెర్జ్ చేయండి.

ఇది పనిచేయాలంటే ఫార్మాట్ కమిట్‌లో ఫార్మాటింగ్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. అందులో ఎవరైనా ఒక బగ్ కూడా సరిచేసి ఉంటే అది మీ బ్రాంచ్‌లో చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. అందుకే మెయింటైనర్లకు నా విన్నపం: ఫార్మాటర్ సెట్టింగ్ ఫైల్ ఒక కమిట్‌లో, దాన్ని నడిపిన ఫలితం తర్వాతి కమిట్‌లో. కలపకండి.

నాకు పరీక్షలు. మెయింటైనర్లే నా బ్రాంచ్ సరిచేయగలరా?

పీఆర్ పక్కన "మెయింటైనర్లు మార్చడానికి అనుమతి" అనే టిక్ పెట్టి ఉంచండి, చాలు. మీ సొంత ఖాతాలోని ఫోర్క్ అయితేనే ఇది పనిచేస్తుంది. కాలేజీ క్లబ్ పేరుతో ఉన్న ఆర్గనైజేషన్ ఫోర్క్ నుంచి పంపితే ఆ అనుమతి ఇవ్వడం కుదరదు. అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్‌కి (ఓపెన్ సోర్స్‌కి పీఆర్‌లు పంపే వేడుక) అలాంటివి మాకు ఏటా వస్తాయి.

## మెర్జ్ నొక్కే ముందు

ఆర్నెల్ల కిందటి పచ్చ టిక్ ఉంది, కాన్‌ఫ్లిక్ట్ లేదు. మెర్జ్ చేసేయొచ్చా?

చేయకండి. కాన్‌ఫ్లిక్ట్ లేదంటే ఒకే లైన్‌ని ఇద్దరూ మార్చలేదని మాత్రమే. మెయిన్‌లో ఒక ఫంక్షన్ పేరు మార్చారనుకోండి. పాత పీఆర్ ఒక కొత్త ఫైల్‌లో ఆ ఫంక్షన్‌ని పాత పేరుతో పిలుస్తోంది. గిట్‌కి ఇందులో గొడవేమీ కనిపించదు, హాయిగా కలిపేస్తుంది. మెయిన్ విరుగుతుంది. కొత్త రన్ ఒక్కటి వేస్తే పది నిమిషాల్లో తెలిసిపోయే విషయం ఇది.

"బ్రాంచ్ అప్ టు డేట్ ఉండాలి" అనే రూల్ పెట్టేస్తే ఈ సమస్యలన్నీ తీరవా?

రోజుకి ఒకటో రెండో మెర్జ్‌లు జరిగే ప్రాజెక్టులో తీరతాయి. ఎక్కువ జరిగేచోట మాత్రం ఒకటి మెర్జ్ కాగానే మిగతావన్నీ పాతబడతాయి. అందరూ అప్‌డేట్ నొక్కుతారు, సీఐ నడుస్తుంది, ఈలోగా ఇంకొకటి మెర్జ్ అవుతుంది. కుర్చీలాటే.

అక్కడ మెర్జ్ క్యూ పెట్టుకోవాలి. గిట్‌హబ్‌లో ఇది 2023 జులై నుంచి పూర్తిస్థాయిలో ఉంది, ఆర్గనైజేషన్ల రిపోలకు మాత్రమే. గిట్‌ల్యాబ్‌లో దీన్ని మెర్జ్ ట్రెయిన్ అంటారు. వరసలో తన ముందున్నవాటితో కలిపి ప్రతి పీఆర్‌నీ పరీక్షించి, పాసైతేనే లోపలికి పంపుతుంది. పెట్టాక వర్క్‌ఫ్లోలో "మెర్జ్ గ్రూప్" ట్రిగ్గర్ చేర్చడం మర్చిపోతే క్యూలో ఏదీ కదలదు, ఫలితం చెప్పేవాళ్లు లేక.

పాత రిలీజ్ బ్రాంచ్‌లకు (విడుదలైన వెర్షన్ల కోసం ఉంచినవి) కూడా కొత్త కాన్ఫిగ్ పెట్టాలా?

బతికుండడానికి కావాల్సినంతే. రిలీజ్ బ్రాంచ్‌కి పంపే పీఆర్ ఆ బ్రాంచ్‌తో కలిసే పరీక్షకి వెళ్తుంది, మెయిన్‌లో మీరు చేసిన మార్పులు దానికి అందవు. కాబట్టి రన్నర్ వెర్షన్, ఆగిపోయిన యాక్షన్ల వెర్షన్లు మార్చిన కమిట్లను చెర్రీ-పిక్ చేయండి (అవి మాత్రమే ఎంచి అతికించండి). కొత్త లింటర్లు (స్టైల్ తప్పులు పట్టే టూల్స్) తీసుకెళ్లొద్దు, సెక్యూరిటీ ప్యాచ్ పెట్టాల్సిన రోజున రెండు వందల స్టైల్ ఎర్రర్లతో కొట్టుకుంటారు. షెడ్యూల్ రన్‌లు డిఫాల్ట్ బ్రాంచ్ మీదే నడుస్తాయి కనుక, రిలీజ్ బ్రాంచ్ ఎప్పుడో విరిగినా ఎవరూ చెప్పరు. నెలకోసారి చేత్తో ఒక రన్ వేసి చూడటం మేలు.

ఒక పాత పీఆర్ కోడ్‌తో పాటు సీఐ ఫైల్‌నీ మారుస్తోంది. ఎలా చూడాలి?

అనుమానంగా. చాలాసార్లు అది అమాయకమైన మార్పే, అప్పట్లో విరిగిన సీఐని దాటడానికి ఏదో చేసుంటారు. ఇప్పుడు ఆ అవసరం లేకపోతే ఆ భాగం తీసేయమనండి. ఫోర్క్ నుంచి వచ్చే "పుల్ రిక్వెస్ట్" రన్‌కి సీక్రెట్లు అందవు, టోకెన్ చదవడానికే పనికొస్తుంది కాబట్టి నష్టం తక్కువ. "పుల్ రిక్వెస్ట్ టార్గెట్" వర్క్‌ఫ్లోలో పీఆర్ కోడ్‌ని చెక్అవుట్ చేసి నడుపుతుంటే మాత్రం ఊరూపేరూ తెలియనివాడి చేతికి తాళంచెవులు ఇచ్చినట్టే. పాత పీఆర్‌లలో సీఐ నడిపించడానికి అదొక తేలికైన దారి అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

## ఏళ్లు గడిచినవి

స్టేల్ బాట్ (చాలాకాలం కదలని పీఆర్‌లను మూసేసే బాట్) పెట్టి పాతవన్నీ మూసేయొచ్చా?

మీ ఇష్టం. నాకు నచ్చదు. ఎవరో ఆదివారం కూర్చుని రాసిన కోడ్‌ని మనం పట్టించుకోకపోవడమే కాక, పట్టించుకోలేదన్న కారణంతోనే ఒక యంత్రం చేత మూయించడం. మేం తీసేశాం.

పీఆర్ మూడేళ్ల నాటిది, పంపినవాళ్లు జవాబివ్వరు, ఫోర్క్ కూడా డిలీట్ చేశారు. కోడ్ మాత్రం కావాలి. ఎలా?

ఫోర్క్ పోయినా కోడ్ పోదు. ప్రతి పీఆర్ చివరి కమిట్‌ని గిట్‌హబ్ అసలు రిపోలోనే "పుల్, ఆ పీఆర్ నంబర్, హెడ్" అనే రెఫ్ (కమిట్‌ని చూపించే పేరు) కింద దాచి ఉంచుతుంది. దాన్ని ఫెచ్ చేసి, మెయిన్ నుంచి ఒక కొత్త బ్రాంచ్ తీసి, సీఐ ఫైళ్లను ముట్టే కమిట్లు వదిలేసి మిగతావి చెర్రీ-పిక్ చేయండి. రాసినవాళ్ల పేరు ఆథర్‌గా అలాగే ఉంటుంది. మీరు ఎక్కువ మార్చాల్సి వచ్చి కొత్తగా కమిట్ చేస్తే చివర్లో కో-ఆథర్ లైన్‌లో వాళ్ల పేరు చేర్చండి. కొత్త పీఆర్ తెరిచి, పాతదాని నంబర్ రాసి, పాతది అప్పుడు మూయండి. మా దగ్గర ఇలా ఒకటి మెర్జ్ చేస్తే, నాలుగేళ్లుగా కనబడని ఆయన ఆ రాత్రే వచ్చి "ఇది నేను రాసిందేనా!" అని కామెంట్ పెట్టారు.